నో షట్‌డౌన్ – సికింద్రాబాదు గాలిలో ఒక చిన్న చరిత్ర

శాసనాల కోసం ఎప్పుడూ రాళ్ళ దగ్గరికే పోనక్కరలేదు. పొట్టకూటి కోసం నేను చేసే పనిలో దాదాపు ప్రతి వారమూ ఒక శాసనాన్ని టైపు చేస్తూ ఉంటాను. ఆఫీసుల్లోనూ కళాశాలల్లోనూ పైకప్పుకు బిగించి ఉండే వై-ఫై పెట్టెను మీరు చూసే ఉంటారు. మా వృత్తిలో దానిని యాక్సెస్ పాయింటు అంటాము. దానిని పనిలో పెట్టేముందు అందులోని రేడియోకు నాలుగు సంగతులు చెప్పాలి. నీవు ఏ దేశంలో ఉన్నావు, ఏ ఛానెలులో మాట్లాడాలి, ఎంత గట్టిగా మాట్లాడాలి, ఇక నోరు తెరువు. ఈ నాలుగవ ఆజ్ఞకు సిస్కోవారి భాషలో "నో షట్‌డౌన్" అని పేరు. 'తెరువు' అని ఒక్క ముక్కలో అనక 'మూసి ఉండకు' అని చుట్టు తిరిగి చెప్పడంలో వ్యాకరణమేమిటో ఆ భాషను నిర్మించినవారికే తెలియాలి.

చూడటానికి నాలుగే పంక్తులు. ఒక్కొక్క పంక్తి వెనుక ఒక పాత తగవూ, ఆ తగవుకు కుదిరిన ఒక రాజీ ఉన్నాయి. ఆ తగవులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: గాలి ఎవరిది? సికింద్రాబాదులో పనిచేసేవాణ్ణి కనుక ఈ ఊరిని మధ్యన పెట్టుకొని ఆ సంగతులు చెబుతాను. సాంకేతిక విషయమని సాహిత్యాభిమానులు పేజీ మూసేయవద్దని మనవి. ఇందులో లెక్కలు తక్కువ, కథే ఎక్కువ.

మొదటి పంక్తి దేశం. పెట్టె ఎక్కడ తయారైనా, దానికి ఇండియా అని చెప్పిన తరువాతనే ఏ పౌనఃపున్యాలు వాడవచ్చునో, ఎంత శక్తితో వాడవచ్చునో దానికి తెలుస్తుంది. సిస్కోవారి చాలా మోడళ్ళలో ఆ సంగతి పెట్టె పేరులోనే ఒక అక్షరంగా ఉంటుంది. మనకోసం వచ్చినదానికి డి, అమెరికా కోసం చేసినదానికి బి లేక ఏ. విదేశం నుండి బంధువులు తెచ్చిపెట్టిన పెట్టె చవకగా దొరికిందని సంతోషించేవారు ఈ అక్షరాన్ని చూడరు.

రేడియో తరంగాలకు దేశం తెలియదు గదా, మరి ఈ హద్దు ఎక్కడిది? మన దగ్గర దాని మూలం 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోనూ, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలోనూ ఉంది. మొదటిది వార్త పంపే హక్కును ప్రభుత్వం చేతిలో పెట్టింది. రెండవది ఇంకొక అడుగు ముందుకు వేసి, లైసెన్సు లేకుండా నిస్తంత్రి పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరమన్నది. మాట్లాడనక్కరలేదు, పెట్టె ఇంట్లో ఉంటే చాలు. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్ళి రేడియోకు లైసెన్సు కట్టివచ్చిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. ఆ చిన్న పుస్తకాలను కొందరు నేటికీ దాచుకున్నారు. 1980ల మధ్యకు గాని ఆ తంతు ముగియలేదు.

ఆ రోజుల్లో మన జంటనగరాల పరిస్థితి మరీ చిత్రమైనది. హుస్సేన్‌సాగరానికి ఒక ఒడ్డున నిజాం రాజధాని. ఇంకొక ఒడ్డున అదే నిజాం రాజ్యంలో ఉంటూ బ్రిటిషువారి దండు పాలనలో ఉన్న సికింద్రాబాదు. హైదరాబాదులో పుట్టిన దక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. టాంకుబండు మీద పాలన మారేది గాని, దక్కన్ రేడియో ధ్వని ఆ గట్టు దగ్గర ఆగేది కాదు. 1948 సెప్టెంబరు 17న నిజాం తన సేనల లొంగుబాటును ప్రకటించింది ఆ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. రాజ్యం మారితే కోటతోపాటు గాలి కూడా చేతులు మారుతుందన్నమాట.

గాలి ప్రభుత్వానిది కాదు, ప్రజలది అన్న మాట న్యాయస్థానం నోట రావడానికి 1995 ఫిబ్రవరి దాకా ఆగవలసివచ్చింది. క్రికెట్ పోటీల ప్రసారం గురించి దూరదర్శన్ వైపువారికీ బెంగాలు క్రికెట్ సంఘానికీ నడిచిన వ్యాజ్యం అది. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువాడు. క్రికెట్ పుణ్యమా అని మన వై-ఫైకి ఒక సిద్ధాంతం దొరికిందంటే నవ్వుకోవచ్చును గాని, సంగతి నిజమే.

సిద్ధాంతం నుండి గెజిటు దాకా ఇంకొక పదేళ్ళు పట్టింది. 2005 జనవరి 28న కేంద్రప్రభుత్వం 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని లైసెన్సు నుండి మినహాయించింది. రేడియో 1 వాటు, ఆంటెన్నాతో కలిపి 4 వాట్లు దాటకూడదు. ఆ నియమాలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం షరతులు. ఎవరికీ అడ్డు రాకూడదు, నీకు ఎవరైనా అడ్డు వస్తే రక్షణ అడగకూడదు, ఇది నీ ఒక్కడిదే అనకూడదు. మన పల్లెల్లో ఊరుమ్మడి పచ్చికబీడుకు ఉండే కట్టుబాటు ఇంచుమించు ఇదే. అందరిదీ కనుక ఎవరూ పన్ను కట్టరు. అందరిదీ కనుకనే నీ గేదెకు మేత మిగల్లేదని పంచాయతీకి పోలేవు.

ఆ పట్టీనే ఎందుకు ఇచ్చారన్నది రెండవ పంక్తి కథ. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో 2450 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని పరిశ్రమలకూ, వైద్యానికీ, విజ్ఞానశాస్త్రానికీ వదిలిపెట్టారు. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది అక్కడే. అలా గోల చేసే యంత్రాల పాలైన చోటును వార్తలకు ఎవరు కోరతారు? 1985లో అమెరికా సమాచార సంఘం "గోలను తట్టుకోగలిగితే లైసెన్సు లేకుండా మాట్లాడుకోండి" అన్న ధోరణిలో ఆ పట్టీని తెరిచింది. దాని మీద 1997లో 802.11 ప్రమాణం వచ్చింది, 1999లో దాని వేగవంతమైన రూపాలు వచ్చాయి. నేడు ప్రపంచమంతా అల్లుకున్న వై-ఫై పుట్టింది ఎవరికీ అక్కరలేని ఈ పోరంబోకు స్థలంలో.

ఆ స్థలం ఎంత ఇరుకో పని చేసేవారికే తెలుస్తుంది. మన దేశంలో పదమూడు ఛానెళ్ళు ఉన్నాయని కాగితం చెబుతుంది. పక్క ఛానెళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కొక్క సంభాషణకు కావలసిన వెడల్పు 20కి పైన. కనుక ఒకదానిమీద ఒకటి పడకుండా మిగిలేవి మూడే: 1, 6, 11. పదమూడు గదుల సత్రమని బోర్డు ఉంటుంది, లోపలికి వెళితే పడక వేసే చోటు మూడు గదుల్లోనే.

పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు – కంప్యూటరు మనుషులకు సి.టి.సి. అంటే చాలు – నుండి యాక్సెస్ పాయింట్లు అట్టపెట్టెల్లో స్కూటర్ల మీద ఊరంతా పోతున్న రోజుల్లో, సర్దార్ పటేల్ రోడ్డు మీది ఒక నాలుగంతస్తుల భవనంలో నాకు పని పడింది. అంతస్తుకొక ఆఫీసు. ప్రతి ఆఫీసులోనూ వై-ఫై మందకొడిగా ఉందని ఫిర్యాదు. కొలిచి చూస్తే నాలుగు అంతస్తుల్లోనూ అన్ని పెట్టెలూ ఆరవ ఛానెలులో, పూర్తి శక్తితో అరుస్తున్నాయి. నన్ను పిలిపించిన ఆఫీసు పెద్దాయన, "రెండు గీతలే వస్తున్నయి సార్, మీరు జర పవర్ పెంచుండ్రి" అన్నాడు. అప్పటికే గరిష్ఠం దగ్గర ఉన్నదాన్ని ఇంకెక్కడికి పెంచేది? తగ్గించాలని చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు, జ్వరానికి వైద్యుడు చన్నీళ్ళ స్నానం చెబితే చూసే చూపు. చివరకు నాలుగు ఆఫీసుల వారినీ మెట్ల దగ్గర నిలబెట్టి ఒకటి, ఆరు, పదకొండు పంచవలసివచ్చింది. నాలుగవ అంతస్తుకూ మొదటి అంతస్తుకూ ఒకటే ఛానెలు, మధ్యలో మూడు స్లాబులు అడ్డం. లైసెన్సు లేని గాలిలో అధికారి ఉండడు, మెట్ల దగ్గరి మాట ఒక్కటే ఉంటుంది.

ఈ శక్తి సంగతే మూడవ పంక్తి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కనుక కాస్త నిదానంగా చెబుతాను. 20 డి.బి.ఎం. అంటే 100 మిల్లీవాట్లు. మూడు తగ్గిస్తే సగం, 17 అంటే 50. ఇంకొక మూడు తగ్గిస్తే 25. పెట్టె ఎంత గట్టిగా అరచినా దానితో మాట్లాడవలసినది జేబులోని ఫోను. బ్యాటరీని పొదుపుగా వాడుకోవలసిన ఫోను అంత గట్టిగా బదులు పలకలేదు. సికింద్రాబాదు స్టేషనులో మైకులో రైలు రాకను మూడు భాషల్లో చెబుతారు కదా. అది పదవ ప్లాట్‌ఫారం చివరి దాకా వినబడుతుంది. అక్కడ నిలబడి మీరు "ఏమండీ, మళ్ళీ ఒకసారి చెప్పండి" అంటే చెప్పేవారికి వినబడుతుందా? అలాగే ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. పైగా వై-ఫైలో ప్రతి రేడియో మాట్లాడేముందు ఛానెలు ఖాళీగా ఉందేమోనని విని చూస్తుంది. ఒక పెట్టె కేక ఎంత దూరం పోతే అంత దూరంలో ఉన్న అదే ఛానెలు వారందరూ తమ మాట ఆపి ఆగవలసినదే. శక్తి పెంచడమంటే బలం పెంచుకోవడం కాదని, ఇతరుల నోరు నొక్కడమని ఇన్నేళ్ళ పనిలో నాకు ఏర్పడిన అభిప్రాయం.

రైల్వే ప్లాట్‌ఫారం దీనికి గొప్ప పరీక్ష. బండి లేనప్పుడు తెరపి, బండి వచ్చి నిలిస్తే ఇనుపగోడ. రెండు ప్లాట్‌ఫారాల మధ్య గాలి ఐదు నిమిషాల్లో రూపం మారుస్తుంది. ఇరవై పైచిలుకు పెట్టెల బండి దిగిన జనం జేబుల్లో వేలకొద్దీ ఫోన్లు ఒక్కసారిగా "ఇక్కడెవరైనా ఉన్నారా" అని పిలవడం మొదలుపెడతాయి. ఆ పిలుపులూ వాటి బదుళ్ళూ పాతకాలపు నెమ్మది వేగాలలో, సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లలో నడిస్తే ఛానెలంతా వాటికే సరిపోతుంది. అందుకని ఇటువంటి చోట్ల ఆ నెమ్మది వేగాలను మూసివేస్తారు, ఆంటెన్నాలను ప్లాట్‌ఫారం పొడవునా మళ్ళిస్తారు, శక్తి తగ్గించి పెట్టెల సంఖ్య పెంచుతారు.

దీనికి పూర్తిగా ఎదురుగా నడిచిన తెలుగు కథ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. సత్యం రాజుల కుటుంబం స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ వారు పశ్చిమగోదావరిలో భీమవరం చుట్టుపట్ల 'అశ్విని' అనే పథకం కింద ఈ వై-ఫై రేడియోలతోనే పల్లెలను కలిపారు. గదిలో వాడుకొమ్మని చేసిన రేడియోకు ఎత్తయిన స్తంభమూ, ఒకే దిక్కు చూసే ఆంటెన్నా ఇస్తే కిలోమీటర్ల దూరం పోతుంది. దాని మీద వైద్యులు పల్లె రోగులను చూశారు, పాఠాలు నడిచాయి. అయితే ఒకే స్తంభం మీద రెండు మూడు రేడియోలు ఉంటే ఒకటి మాట్లాడుతున్నంత సేపూ పక్కది 'ఛానెలు ఖాళీ లేదు' అని ఊరుకుంటుంది. ఆచార్యులు భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2005లో దీనికొక ఉపాయం ప్రకటించారు. ఒక స్తంభం మీది రేడియోలన్నీ ఒకేసారి మాట్లాడాలి, ఆపైన ఒకేసారి వినాలి. కోలాటం వంటిదే, అందరి కర్రలూ ఒక్కసారి లేవాలి. భీమవరం అనుభవాలను కూడా వారు 2007లో వ్రాశారు. ఆ వ్యాసం ప్రకారం అసలు ఖర్చు రేడియోది కాదు, స్తంభానిది. 2009 జనవరిలో సత్యం కథ ఏమైందో మీకు తెలిసిందే. ఆ స్తంభాల చరిత్ర ఎవరైనా గోదావరి మిత్రులు వ్రాస్తే బాగుంటుంది.

మన పెట్టెలోని రెండవ రేడియో 5 గిగాహెర్ట్జ్‌ది. అక్కడ చోటు ఎక్కువ, పొరుగువారు మాత్రం వేరు: రాడార్లు. 2003లో జెనీవా సమావేశం ఈ పట్టీలో వై-ఫైకి చోటిస్తూ, రాడారు వినబడితే లేచి పొమ్మని షరతు పెట్టింది. అందువల్ల ఆ ఛానెళ్ళలో పెట్టె నోరు తెరిచేముందు నిమిషంపాటు చెవి ఒగ్గి వింటుంది. తరువాత ఎప్పుడు రాడారు పోలిన ధ్వని వినబడినా పది సెకన్లలో ఛానెలు ఖాళీ చేసి, అరగంట దాకా అటు చూడదు. బేగంపేట, హకీంపేట విమానక్షేత్రాలూ, దండు ప్రాంతమూ ఉన్న ఊరిలో ఈ మర్యాద మాకు బాగా పరిచయం. బేగంపేటలోని వాతావరణశాఖవారి డాప్లర్ రాడారును జనం అనుమానిస్తారు గాని, అది పనిచేసేది ఇంకా కింది పట్టీలో, దాని దోషం లేదు. మన దేశంలో ఈ 5 గిగాహెర్ట్జ్ చాలాకాలం భవనాల లోపలికే పరిమితం. 2018 అక్టోబరులో గాని 605 మెగాహెర్ట్జ్ మేర ఆరుబయట కూడా వాడుకోనివ్వలేదు.

ఇక నాలుగవ పంక్తి. తొలిరోజుల సిస్కో ఎయిరోనెట్ పెట్టె అట్టపెట్టె నుండి తీసి కరెంటు ఇవ్వగానే రేడియో తెరుచుకొని 'సునామీ' అన్న పేరుతో పిలిచేది. తాళం లేదు, కాపలా లేదు. 2004 డిసెంబరు తరువాత ఆ పేరు చూస్తే కోస్తావారికి ఎలా ఉండేదో ఊహించుకోండి. 2005 ప్రాంతంలో వారు పద్ధతి మార్చారు. పేరు ఉండదు, రేడియోలు మూసే ఉంటాయి, మనిషి కూర్చొని "నో షట్‌డౌన్" అంటేనే తెరుచుకుంటాయి.

ఆ మార్పు ఎంత అవసరమో 2008 జులై 26న దేశానికి తెలిసింది. అహమ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలో ఒక ఇంటి తాళం లేని వై-ఫై గుండా వెళ్ళింది. ఆ ఇంటివారికి ఏ పాపమూ తెలియదు. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆజ్ఞ వచ్చింది: వాడేవాడెవడో తెలియకుండా వై-ఫై ఇవ్వరాదు. నేటికీ స్టేషనులోనో కాఫీ దుకాణంలోనో మీ ఫోను నంబరు అడిగి ఓ.టి.పి. పంపేది అందుకే. 2005లో గాలికి లైసెన్సు పోయింది, నాలుగేళ్ళకే మనిషికి గుర్తింపు వచ్చింది. బాంబుల ఊళ్ళలో ఇది తప్పదని ఒప్పుకుంటాను. కాని 1933 నాటి భయమే వేరే వేషంలో వచ్చిందన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

2016 జనవరిలో గూగుల్, రైల్‌టెల్ కలిసి ముంబయి సెంట్రల్‌లో ఉచిత వై-ఫై తెరిచారు. ఏప్రిల్ నాటికి కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం అందులో చేరాయి. తరువాత సికింద్రాబాదు కూడా చేరింది. 2018 జూనులో దిబ్రూగఢ్‌తో నాలుగు వందల స్టేషన్లు పూర్తయ్యాయి. ఉద్యోగ దరఖాస్తుల కోసమూ, పరీక్షా ఫలితాల కోసమూ ప్లాట్‌ఫారం మీద కూర్చున్న కుర్రవాళ్ళను నేను చూశాను. వారికి అది విలాసం కాదు. అదే 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా ధర పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఇక చాలునన్నది. రైల్‌టెల్ మాత్రం తన పేరుతో కొనసాగించి 2021 మేలో హజారీబాగ్‌తో ఆరువేల స్టేషన్లు దాటింది. ప్రభుత్వసంస్థ నిలిచి, ప్రైవేటుది వెళ్ళిపోయిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఇదే స్టేషనులో ఇంకొక రేడియో ఉంది. అది ఈ ఉమ్మడి బీడులోకి అడుగు పెట్టదు. 1957 నవంబరు 24న సికింద్రాబాదులో స్థాపితమైన ఇరిసెట్, రైల్వే సిగ్నలు ఇంజనీర్లకు గురుకులం. రైళ్ళు ఢీకొనకుండా ఆపే 'కవచ్' వ్యవస్థకు మన దక్షిణమధ్య రైల్వేయే ప్రయోగశాల. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజనులో కూర్చుండగా దానిని పరీక్షించి చూపారు. ఇంజనూ స్టేషనూ మాట్లాడుకొనేది ప్రత్యేకంగా కేటాయించిన యు.హెచ్.ఎఫ్. పౌనఃపున్యంలో. ఉచితంగా దొరికే వై-ఫై పట్టీలో ఎందుకు కాదని ఒక కుర్ర ఇంజనీరు నన్నడిగాడు. 2012 నవంబరులో చైనాలోని షెంజెన్ మెట్రో రైళ్ళు అర్ధంతరంగా ఆగిపోయాయి. ప్రయాణికుల సంచుల్లోని చిన్న వై-ఫై పెట్టెలు రైలు సంకేతాలకు అడ్డం వచ్చాయి. రైలుదీ అదే 2.4 గిగాహెర్ట్జ్. ప్రయాణికుడు తప్పు చేయలేదు, రైలు తప్పు చేయలేదు. రక్షణ అడగరాదన్న షరతు కింద సంతకం చేసినచోట ప్రాణాలను పెట్టకూడదంతే.

ఇప్పుడు మూడవ రేడియో వస్తున్నది, 6 గిగాహెర్ట్జ్‌ది. ప్రపంచంలో చాలా దేశాలు 2020 నుండి తెరుస్తూ వస్తుంటే మొబైలు కంపెనీలకూ వై-ఫై వారికీ మధ్య తగవుతో మన దగ్గర ఆగింది. 2025 మేలో వచ్చిన ముసాయిదా అందులో కింది భాగాన్ని, 5925 నుండి 6425 దాకా, లైసెన్సు లేకుండా వాడనిస్తానన్నది. భవనం లోపల 30 డి.బి.ఎం., ఆరుబయట 14. అందులో ఒక నిషేధాల జాబితా కూడా ఉంది. సముద్రంలో చమురు తీసే వేదికల మీద వద్దు, పడవల్లో వద్దు, నేల మీద నడిచే వాహనాల్లో వద్దు. విమానంలో అయితే పదివేల అడుగులు దాటిన తరువాత పరవాలేదు. ఆ లెక్కన మన గోదావరి ఎక్స్‌ప్రెస్సు ప్లాట్‌ఫారం కదిలిన తరువాత ఆ రేడియో పెట్టెలోపల నోరు మూసుకోవలసినదే.